ఒక జత స్పీకర్లు, రెండు ఆంప్లిఫయర్లు

కాదండీ, నాకు తెలీక అడుగుతాను, ఒకే ఇంటికి రెండు ఆంప్లిఫయర్లు ఎలా అమ్మారండీ మీరు? మనసెలా ఒప్పింది?

ఆఁ? ఏమంటున్నారు? వద్దొద్దు, మాట్లాడకండి. నోటి నిండా దూది ఉంది, ఆ గొట్టం జారిపోతుంది. తల ఊపండి, చాలు.

ఓహో, గుర్తుపట్టలేదన్నమాట! అవున్లెండి, మొహానికి మాస్కు ఉందిగా. ఇదిగో, తీశాను. ఇప్పుడు చూడండి. నేనేనండీ, మొన్న మీ షాపులో వెండిరంగు ఆంప్లిఫయరు కొన్నదాన్ని. ఇదిగో, లేవకండి! పడతారు. సగం తవ్విన పన్నేసుకుని ఎక్కడికి పారిపోతారు? మీ పన్ను మీద నాకేం కోపం లేదు. కోపమంతా మీ మీదే. పన్ను పాపం ఏం చేసింది?

నోరు ఇంకాస్త తెరవండి. అబ్బ, షాపులో బాగానే తెరిచారే! ఆఁ, అలా.

అసలు స్టీరియో కావాలన్నది నేను. సొంతిల్లు కట్టుకుని మొన్నమొన్ననే దిగాం. పొద్దున్నుంచీ సాయంత్రం దాకా ఈ డ్రిల్లు నా చెవుల్లో గుయ్యిమంటూనే ఉంటుంది. మీరు కాసేపు విని లేచిపోతారు, నా సంగతేమిటి? దానికి తోడు కుర్చీలో కూర్చున్న ప్రతివాళ్లూ అమ్మో, అయ్యో! అందుకే మావారితో అన్నాను, ఇంటికొస్తే చెవులకి నాలుగు మంచి పాటలు పడాలండీ, ఒక స్టీరియో కొందాం అని. అంతే కదా అడిగింది? నగలడిగానా? కారడిగానా?

ఆయన సర్వేయరు. భూములు కొలిచే మనిషికి ఇలాంటి పని అప్పజెప్పకూడదని నాకెవరూ చెప్పలేదు. ఇంకొకళ్లయితే షాపుకెళ్లి కొనుక్కొస్తారు. ఈయన టేపు తీశారు. హాలు పొడుగూ వెడల్పూ కొలిచారు, కప్పు ఎత్తు కొలిచారు. అంతటితో ఆగారా? ప్రతి మూలా నిలబడి చప్పట్లు కొట్టడం, చెవి రిక్కించి వినడం. "గది మోగుతోందోయ్, కర్టెన్లు దళసరివి వెయ్యాలి" అంటారు. పక్కింటావిడ తలుపు తట్టి "ఎవరిదైనా పుట్టినరోజాండీ?" అనడిగింది. ఏం చెప్పను?

తర్వాత సుద్దముక్క పట్టుకున్నారు. స్పీకర్లు గోడకి ఇంత ఎడంగా ఉండాలట. రెంటికీ మధ్య ఎంత దూరమో వినేవాళ్లూ అంత దూరంలోనే కూర్చోవాలట. దాంతో సోఫా నట్టింట్లోకి వచ్చేసింది, వంటింటి తలుపుకి అడ్డం. ఆ తలుపు సగమే తెరుచుకుంటుంది. మా అత్తగారు టీ కప్పు పట్టుకుని పక్కవాటుగా దూరి వస్తూ "ఒరేయ్, నేను నీకు అమ్మనిరా, పీతని కాదు" అన్నారు. వింటేనా!

స్పీకర్ల దగ్గర మాత్రం ఏ గొడవా లేదు. మీకు గుర్తుండే ఉంటుంది. ఒక్కో జతా మార్చి మార్చి అదే పాట వినిపించారు, వయొలిన్‌తో మొదలయ్యే పాట. ఆ చెక్కరంగు పొట్టి జత దగ్గరికొచ్చేసరికి ఆయనా నేనూ ఒకేసారి మొహాలు చూసుకున్నాం. నిజం చెప్పొద్దూ, పెళ్లినాడు కూడా అలా చూసుకోలేదు. ఇవే, ఇంటికి పంపించెయ్యండి అన్నాం.

అప్పుడు మీరు నోరు విప్పారు. "స్పీకర్లు నోరు లాంటివండీ, ఊపిరి పొయ్యాల్సింది ఆంప్లిఫయరు. అది జాగ్రత్తగా ఎంచుకోండి" అన్నారు. అదిగో, కొంప అక్కడ మునిగింది.

ఆయనకి నల్లది నచ్చింది. ఎత్తితే నడుం పట్టేసే నల్లది. "ఎంత పెంచినా పాట చెదరదు చూడు, ఆ గాంభీర్యం చూడు" అంటారు. నాకు వెండిరంగుది నచ్చింది. ఇంత చిన్న గదికి అంత బలం దేనికండీ, ఇది తీయగా ఉంది అన్నాను. మరి మీరేం చేశారు? ఆయన్ని పక్కకి పిలిచి "అసలైన చెవి మీది సార్" అన్నారు. కాసేపటికి నా దగ్గరికొచ్చి "సార్‌కి చెప్పకండి మేడమ్, అసలైన చెవి మీది" అన్నారు. అన్నారా లేదా?

అయ్యయ్యో, ఇప్పుడు తల ఊపకండి! డ్రిల్లు లోపలుంది!

ఆంప్లిఫయరు సంగతి తేలక ఆ రోజుకి వచ్చేశాం. ఇంట్లో వింటే నేనే దారికొస్తానని ఆయన అనుకున్నారు. ఇంట్లో వింటే ఈయనే దారికొస్తారని నేననుకున్నాను. ఆయన పొలం కొలవాలని చెప్పి మీ షాపుకొచ్చారు. నేను డాక్టర్ల మీటింగని చెప్పి మీ షాపుకొచ్చాను. ఒకే రోజు! ఇద్దరికీ చిరునవ్వుతో ప్యాక్ చేసి ఇచ్చారే, "అమ్మా, ఇప్పుడే మీవారు" అని ఒక్క ముక్క... ఒక్కటంటే ఒక్క ముక్క!

సాయంత్రం గుమ్మం ముందు ఇద్దరం, చెరో పెట్టె కావలించుకుని. బెల్లు కొట్టడానికి ఒక్కరికీ చెయ్యి ఖాళీ లేదు. చివరికి ఆయన నుదుటితో కొట్టారు. మా అత్తగారు తలుపు తీసి, ఆ పెట్టె చూసి, ఈ పెట్టె చూసి, లోపలికెళ్లిపోయారు.

ఇక మొదలైంది చూడండి. ఉన్నది ఒక్క జత స్పీకర్లు. ఒకరోజు ఆయనది, ఒకరోజు నాది. రోజూ నేల మీద బోర్లా పడుకుని ఆయన తీగలు మార్చడం, పక్కన నేను టార్చి పట్టుకోవడం. "ఎర్ర తీగ ఎర్రదానికండీ, చూసి పెట్టండి." "నాకు తెలుసులేవోయ్, వెలుతురు సరిగ్గా పట్టు." పాట మొదలవగానే "విన్నావా ఆ మద్దెల?" అని ఆయన. "మద్దెల కాదండీ, అలమారలో గిన్నెలు" అని నేను. అన్నాలు చల్లారిపోయేవి.

మా అత్తగారికి విసుగొచ్చింది. "పరీక్ష పెడతాను. ఓడినవాళ్లు తమది పట్టుకెళ్లి కొట్లో ఇచ్చి రండి" అన్నారు. రెండింటికీ అడ్డంగా దుప్పటి కట్టారు. తీగలు మార్చడం కొడుకు దగ్గరే నేర్చుకున్నారు. దుప్పటి వెనక ఆవిడ, సోఫాలో మేము.

ముందు ఆయన. కళ్లు మూసుకుని, తల ఆడిస్తూ "ఆహా, ఇదీ గాంభీర్యమంటే! ఇది నాదే" అన్నారు. మోగుతున్నది మాత్రం నాది. ఇంకోసారి. "ఇది డొల్లగా ఉంది, ఇది దానిది." ఆయనది! ఎన్నిసార్లు పెట్టినా అంతే.

తర్వాత నేను. ఒక్కటీ తప్పలేదు.

అలా కళ్లు పెద్దవి చెయ్యకండి. ఇక్కడే ఉంది అసలు సంగతి. మీకు కాబట్టి చెబుతున్నాను... మీరెలాగూ ఇప్పుడు ఎవరికీ చెప్పలేరు. పరీక్షకి ముందు మా అత్తగారు నన్ను వంటింట్లోకి పిలిచారు. "నేను దగ్గానంటే నల్లది, దగ్గకపోతే నీది" అన్నారు. ఎందుకత్తయ్యా అంటే, "ఆ నల్లదానికి ఎర్ర దీపం ఒకటుందే, మధ్యాహ్నం కునుకు తీద్దామంటే నన్నే గుడ్లురిమి చూస్తోంది. పోనీ దాన్ని" అన్నారు. పాపం ఈయన మధ్యలో లేచి "అమ్మా, దగ్గుమందు వేసుకున్నావా?" అని అడిగారు కూడా!

నాకు తేడా తెలీదండీ. రవ్వంత కూడా. మీ షాపులో ఏదో తెలిసినట్టే ఉంది, మీరు మెచ్చుకున్నారు కదా, ఉబ్బిపోయాను. ఇన్నేళ్ల డ్రిల్లుకి చెవుల్లో ఏం మిగిలిందో దేవుడికే తెలియాలి. నల్లదైనా వెండిదైనా నాకు ఒకే పాట.

పరీక్ష అయ్యాక ఆయన లేచి దుప్పటి విప్పి మడతపెట్టారు. తర్వాత "నీ చెవి నాకంటే మంచిదోయ్" అన్నారు. వెటకారంగా కాదు, నిజంగానే. ఎంత సంబరపడాలి నేను? పడలేదు. ఆయనే నల్లదాన్ని తుడిచి పెట్టెలో పెట్టారు. సోఫా గోడకి జరిపేశారు. వంటింటి తలుపు హాయిగా బార్లా తెరుచుకుంటోంది. మావి పాత మాటలే మళ్లీ. పాలవాడొచ్చాడా, మోటారు కట్టేశావా. అవయ్యాక ఆయన పేపరు ఆయనది, నా ఫోను నాది.

టార్చి పట్టుకున్నన్నాళ్లూ ఎంత మాట్లాడుకున్నామండీ! పోట్లాటే అనుకోండి. మోకాలికి మోకాలు తగిలేలా కూర్చుని పోట్లాడుకుని ఎన్నేళ్లయిందో!

అందుకని వినండి. రేపు ఆయన ఆ నల్లది పట్టుకుని మీ షాపుకొస్తారు. తీసుకోకండి. ఆఁ, సరిగ్గానే విన్నారు, తీసుకోవద్దనే చెబుతున్నాను. మర్యాదగా చెబితే ఆయన బతిమాలతారు, మీరు కరిగిపోతారు. వాపసు లేదంటే లేదని గట్టిగా కసురుకోండి. మీకది చేతనవును. ఆయన మిమ్మల్ని తిట్టుకుంటూ తిరిగి తెచ్చుకుంటారు. దీపం మీద ఓ గుడ్డముక్క కప్పి మా అత్తగారికి నేను సర్దిచెప్పుకుంటాను.

ఆడవాళ్లు మొగుడితో కబుర్లకి సినిమాకో షికారుకో వెళ్తారు. నేను ఆంప్లిఫయరు తీగలు పట్టుకోవాలి. ఏం చేస్తాం, మా మొహాలకి అదే రాసిపెట్టి ఉంది.

సరే, నింపేశాను. ఇక నోరు మూసుకోండి. అయ్యో, తిట్టడం కాదండీ, పళ్లు కలుస్తున్నాయో లేదో చూడాలి.