ఒకే పేరున్న మూడు స్టేషన్లు

"తాతా, మాస్కో ఎల్లి అత్తని కలవకుండానే తిరిగొచ్చేద్దామనుకున్నావట, నిజవేనా?"

నిజవే గుంటా. ఎవులు సెప్పారు, మీ నాయనమ్మేనా? కూకో. నువ్వూ వచ్చే నెల అక్కడికే సదువుకి ఎల్తన్నావు, తెలుసుకోడం మంచిదే.

మీ అత్త అక్కడ ఇంజినీరింగు సదివి, ఆ దేశపోడినే పెళ్లాడింది. మంచోడేలే, అప్పుడు నాకేటి తెలుసు? నాకు కూతురే లేదని ఫోన్లో అనేశాను. మూడేళ్లు మాటల్లేవు. పిల్ల పుట్టాక మీ నాయనమ్మ అన్నం మానేసి కూకుంది, నేనెల్లి సూసొస్తేగానీ తిననని. తనకేమో మోకాళ్ల నొప్పులు. సరే, నేనే ఎల్లాను.

సంటిదాంతో ఎయిర్‌పోర్టుదాకా రాలేనని, కియెవ్‌స్కాయా అనే మెట్రో స్టేషన్లో, భూమి కింద, మెట్లు దిగినకాడ నిలబడమని మీ అత్త నాయనమ్మకి సెప్పిందట. విమానంలో కలిసిన, మన బర్మా నుంచే వచ్చిన మాస్టారొకాయన నన్నక్కడ దింపి ఆయన దారిన ఎల్లిపోయాడు. ఆ కదిలే మెట్లున్నాయి సూడు, మన ష్వేదగోన్ పగోడా మెట్లకన్నా పొడుగనిపించాయి. గోడల్నిండా బొమ్మలు. మన కాలంలో ఇక్కడ ఇన్సేన్ స్టేషన్లో ఒక్క బెంచీ, టిక్కెట్టు ప్యాల్లోనే, సిల్లర పైసల్లోనే... ఏటి సెప్తన్నాను? ఆ, నిలబడ్డాను. మూడు గంటలు... కాదు, రెండున్నర. బళ్లు ఒకదానెనక ఒకటి వస్తన్నాయి, జనం దిగతన్నారు, మీ అత్త లేదు. ఫోను సార్జింగు అయిపోయింది. అడుగుదామంటే బాస రాదు. పైగా నలభయ్యేళ్లు ఇన్సేన్ రైలు వర్క్‌షాపులో బోగీల కింద పాకినోణ్ణి, స్టేషన్లో తప్పిపోయానని ఎలా అడగను?

మీ అత్తకి కోపం పోలేదు, రాదింక అనుకున్నాను. నేనన్న మాటకి అదే సరి అనుకున్నాను.

మెట్ల కింద అద్దాల గదిలో ఒకామె కూకునుంది, మెట్లని కనిపెట్టుకునుండే డూటీ. విమానం ఎగిరినట్టు సేత్తో సూపించాను, ఎల్లిపోతానని. ఆమె నా మొహం సూసి ఏదో అడిగింది. పర్సులోంచి మీ అత్త పోటో తీశాను. అన్నన్ని మాటలన్నానుగానీ, ఆ పోటో మాత్రం తీసెయ్యలేదు. "సత్యవతి" అన్నాను. ఆమె ఫోనెత్తి ఒకచోటికి, మళ్లీ ఇంకోచోటికి మాటాడింది.

ఆ పేరుతో మూడు స్టేషన్లున్నాయట, మూడు లైన్లకి మూడు. లోపల్నుంచే దారులేసి కలిపేశారు. మన ఊరి సుట్టూ తిరిగే రైలు స్టేషన్లకి దేని పేరు దానిదే గదా, నాకేటి తెలుస్తాది? మీ అత్త ఇంకోదాంట్లో అంతసేపూ నిలబడే ఉంది.

పది నిమిషాలకి ఆ దారిలోంచి వచ్చింది, సంటిదాన్ని ఎత్తుకుని. నాకెదురుగా నిలబడి, "నన్ను సూడ్డం ఇష్టంలేక ఎయిర్‌పోర్టు నుంచే ఎల్లిపోయావనుకున్నాను నాన్నా" అంది.

తప్పయిందని సెప్పాలి గదా, ఆ మాట రాలేదు. "పిల్లనిలా ఇయ్యి, సెయ్యి నొప్పెడతాది" అన్నాను. ఇచ్చింది. అప్పుడేడ్చింది. పిల్ల కాదు, మీ అత్త.

నెల్రోజులున్నాను వాళ్లింట్లో. అల్లుడే వండిపెట్టాడు. తప్పయిందన్న మాట మాత్రం... వచ్చేరోజు సెప్పాను, మొత్తానికి.

నువ్వు సల్లగా ఎల్లి సదువుకో తల్లీ. ఒంట్లో బాగుండాలి, మంచి మనుషులు తగలాలి నీకు. స్వెట్టర్లు రెండు ఎక్కువెట్టుకో, ఆ సలి మన సలి కాదు, అదేటంటే...