పన్నెండొందల మీటర్లు

ఆ సూదిమందు అప్పుడే తియ్యకండి డాక్టరు బాబూ! కట్టు కడితే కాలు అతకదేటి? మనుషులకి అతుకుతన్నాయి కదా! ఏటీ... గుర్రానికి అతకదా? మీరలా తల అడ్డంగా ఊపితే నానేటి సెయ్యనండి?

ఇదెవరో తెలుసేటండి మీకు? కాయితాల్లో ఏదో ఇంగ్లీషు పేరుంది. మాయమ్మ ‘మారాజు’ అంటాది. హైదరాబాదులో ఇరవైరెండు పందాలు, ఏడు గెలుపులు. అన్నీ పన్నెండొందల మీటర్లే! ఒకపాలైతే నిమిషం పదకొండు సెకన్లు! తర్వాత ఐదేళ్లు ఆడగుర్రాల మీదకి దాటించేరు. నలభై ఒక్కటి దాటితే పదకొండు పిల్లలు. ఆపైన ఒక్కదానికీ సూడి నిలవలేదు. ఇంక పనికిరాదనీసేరు. పెళ్లి ఊరేగింపులకని నాను తెచ్చుకున్నాను.

“ఆడపిల్లవి, నీకు గుర్రమేటే నీలవేణీ!” అని మాయమ్మ నెత్తి కొట్టుకుంది. మర్నాడు సూద్దును కదా, దానికి ఉలవలు నానబెడతన్నాది!

మొన్న అరసవల్లిలో ఊరేగింపు. ఎవడో కొట్టు షట్టరు దబ్బున దించేడు. అంతే! పందెం గేటు తెరిసేరనుకున్నాది ఇది. తలపాగా ఓ పక్క, పెళ్లికొడుకు ఓ పక్క! నవ్వకండి బాబూ... కళ్లెం పట్టుకుని ఆపీసేను. ఆపేను గానీ, దాని ఒంట్లో ఆ వణుకు నా సేతుల్లోనే ఉండిపోయింది.

ఈ పొద్దుట ఏటయిందని కదా అడిగేరు? సముద్రం ఒడ్డున సేపల ఐసుషెడ్డు షట్టరు జారిపడింది, గుర్రం బెదిరి ఇసకలో పడి పరిగెట్టింది... మీకలాగే సెప్పేను కదా. మాయమ్మకీ అదే సెప్పేను.

జారలేదు బాబూ. కళ్లెం వదిలీసి నానే దించేను. పందెం గుర్రం నా గుమ్మంలో ఉన్నాది, ఒక్కసారైనా దాని పరుగు సూడొద్దా?

పన్నెండొందల మీటర్లు ముందే కొలుసుకున్నాను. గంగులు మావోళ్లు సముద్రంలో అలివి వల ఏసుంచేరు, ఒడ్డు మీద నుంచి తాడుతో లాగేది, ఆ తాడు ఇసకలో వదులుగా పడున్నాది. ఆరున్నరకి ఏసిన వల, ఎనిమిదిదాకా లాగరని లెక్కేసేను. సేపల గుంపు పడిందట, ఏడుంపావుకే లాగేరు. తాడు మోకాలెత్తు లేసింది.

వెయ్యి మీటర్ల కాడ బాబూ! ఇంకో రెండొందలయితే అదే ఆగిపోయేది. దానికి తెలుసు, ఎక్కడ ఆగాలో.

టైము సూద్దామని సెల్లులో గడియారం నొక్కేను. ఇప్పటికీ ఆపలేదు. ఇదిగో, తిరుగుతానే ఉన్నాది.

ఉండండి... దీని తల నా ఒళ్లో పెట్టుకోనియ్యండి.

ఊఁ. కానియ్యండి బాబూ. మీరు సెప్పినాక గడియారం ఆపుతాను.