బుడగ నడుమనే ఉంది

ఒక పక్కకు కుంగిన ఇంటి కింద, నేలలోకి సిమెంటు పాలు ఎక్కించి ఇంటిని పైకి లేపిన ఇంజనీరు, రసమట్టం తీసి గచ్చు మీద పెట్టాడు. నేల సమంగా ఉందన్నట్టు అందులోని బుడగ నట్టనడుమ నిలిచింది. ఇల్లుగలావిడ మొహం మాత్రం విచ్చుకోలేదు.

"ఇల్లు పాడుచేశావు బాబూ. వంటింటి తలుపు గడియ అందటం లేదు."

"అదేంటి పిన్నిగారూ! ఇల్లు తిన్నగా నిలబడిందే ఇప్పుడు కదా?"

"ఏం తిన్నగానో! రాత్రి మంచం మీంచి దొర్లిపోయాను."

అతను వంగి చూశాడు. మంచానికి ఒకవైపు కోళ్ళ కింద చెక్కముక్కలున్నాయి. తలుపు పైఅంచు ఏటవాలుగా చిత్రిక పట్టి ఉంది.

"ఇదంతా ఎవరు చేశారండీ?"

"మా ఆయన. ఇల్లు ఒరిగినప్పుడల్లా చిత్రిక పట్టుకు కూర్చునేవారు. పోయేముందు కూడా ఆ తలుపే సరిచేశారు."

"ముక్కలు తీసేద్దాం. తలుపు కొత్తది చేయిస్తే సరిపోతుంది."

"ఆయన సరిచేసినవన్నీ ఇవాళ వంకరయ్యాయి. మరి తప్పెవరిది, ఆయనదా, నీదా?"

అతను మళ్ళీ రసమట్టం వంకే చూశాడు. బుడగ కదల్లేదు.

ఆవిడ దగ్గరకొచ్చి గొంతు తగ్గించింది.

"మళ్ళీ కాస్త ఒరగబెట్టలేవూ?"