ఎజోరా కుండ మూత

ఇంకేదైనా పాడరా అల్బానూ! ఏం, మీ వంశంలో ఇంకో పాటే పుట్టలేదా? ఇప్పటికి ఎన్నో పాడావు, పడవ జానెడు కదల్లేదు. అయితే మాత్రం? ఇంకోటి పాడు. మా అమ్మని తిడుతూ కట్టిన పాట మా పడవ దగ్గర పాడనిస్తే ఒట్టు.

వాళ్ళా? వాళ్ళు అరుస్తారు. తాడు పట్టుకుని ఇసకలో నిలబడి "మూత పాట, మూత పాట" అని ఊరంతా గోల పెడుతుంటే నాకు వినపడటం లేదనుకున్నావా? నాకేం చెవుడు లేదు.

ఇటు చూడు. ఆ జెండా మీద పేరు చదువు. ఎజోరా. మా తమ్ముడు హ్యూగో ఈ పడవని ఏళ్ళ తరబడి చెక్కి చెక్కి, మా అమ్మ పేరు పెట్టుకున్నాడు. ఫాదర్ గారు పొద్దున్నే ఆ పేరు చెప్పి నీళ్ళు చల్లి వెళ్ళారు. ఇప్పుడు నువ్వు అదే పేరు పట్టుకుని, పిసినారిది, కుండకి మూత తియ్యదు అని ఊరి చేత అనిపిస్తావా? సిగ్గుండక్కర్లేదూ?

నవ్వకు. నవ్వావంటే పళ్ళు రాలగొడతాను.

అసలు ఆ పాట ఎలా పుట్టిందో తెలుసా నీకు? తెలుసంటావేమిట్రా, మీ తాత చెప్పిందేగా నీకు తెలిసింది! నా దగ్గర విను. ఆ రోజు మా నాన్న పడవ నీళ్ళలోకి దించుతున్నారు. ఇక్కడే, ఈ రేవులోనే. మా అమ్మ తెల్లారకుండానే లేచి వండింది. మొక్కజొన్న సంకటి, కందులు, మేకమాంసం. మీ తాత సెప్టిమస్ రమ్ము పుచ్చుకుని వచ్చి, తాడు ముట్టకముందే పళ్ళెం చాపాడు. పెద్దల పళ్ళెం ఇంకా పెట్టనేలేదు! పోయినవాళ్ళకి పెట్టకుండా బతికున్నవాళ్ళకి ఈ కారియకూ దీవిలో ఎవరైనా వడ్డిస్తారా? మీ ఇంట్లో వడ్డిస్తారా? మా అమ్మ అదే అంది. "ముందు వాళ్ళు, తరవాత నువ్వు. కాస్త ఆగు అన్నయ్యా" అంది. అంతే. అంతేరా!

దానికి ఆ మహానుభావుడు రుసరుసలాడుతూ వచ్చి, తాడు ముందు నిలబడి పాట ఎత్తుకున్నాడు. "కుండ నిండా కూడుందంట, మూత మాత్రం ఊడదంట, మూత తియ్యవే ఎజోరా!" జనం పగలబడి నవ్వి "లాగు! లాగు!" అన్నారు. ఆ నవ్వులో అందరి చేతులూ ఒక్కసారే కలిశాయి. అప్పటిదాకా మొరాయించిన పడవ దుంగల మీంచి సర్రున జారి నీళ్ళలో పడింది. అదీ మా ఖర్మ! ఆవేళ పడవ కదలకపోయుంటే ఆ పాట ఆ సాయంత్రానికే చచ్చేది.

అప్పట్నించీ మూత పాట లేనిదే ఈ ఊళ్ళో పడవ దిగదు. పోనీ, అక్కడితో ఆగిందా? పసివాళ్ళని జోకొట్టటానికీ అదే, పెళ్ళిళ్ళలో చిందులెయ్యటానికీ అదే. హోటల్లో దిగిన తెల్లవాళ్ళు బీరు సీసాలు పట్టుకుని "లాగు, లాగు" అంటూ ఊగుతుంటారు, ఎజోరా ఎవరో వాళ్ళకేం తెలుసు? బడిలో టీచరమ్మ ఆ పాటకి నాటకం కట్టించి, ఎజోరా వేషం ఎవరికిచ్చింది? నాకు! నెత్తిన కుండ పెట్టి మరీ!

రాగం బాగుంటుందని ఎవరు కాదన్నారు? వెధవ రాగం. విన్నవాడి కాళ్ళు ఊరుకోవు. అదేగా మా కొంప ముంచింది.

వంటలో అంత చెయ్యి తిరిగిన మనిషి మా అమ్మ, మళ్ళీ ఒక్క పడవకీ వండలేదు. పిలవటానికొస్తే "నా కుండకి మూత ఊడదమ్మా" అని పంపించేసేది. రేవులో పాట మొదలైతే కిటికీలు మూసుకునేది. మీ తాత పోతే వెళ్ళి ఏడ్చింది కూడా, వెర్రిబాగులది. బతికుండగా ఆయన ఒక్కసారైనా "తప్పయిందమ్మా ఎజోరా" అన్నాడా?

అత్తా అత్తా అని బతిమాలకు. నీ తప్పేముందంటావా? నీ తప్పు నీ గొంతురా. అచ్చం ఆయనదే.

ఏమిటీ? ఆటు మొదలైందా? మొదలవనీ. నీళ్ళు వెనక్కి పోతే పోనీ. పడవ ఇలా ఒరిగి ఎండలో పడుంటే పలకలు విచ్చుకుంటాయా? నాకు తెలియదూ? హ్యూగో మొహం నాకు కనపడటం లేదూ?

అబ్బ, కాస్త నోరు మూసుకోమను వాళ్ళని!

నీకొక సంగతి చెబుతాను. హ్యూగోకి కూడా తెలియదు. ఆఖరి రోజుల్లో మా అమ్మ అన్నీ మర్చిపోయింది. నన్ను మర్చిపోయింది. తన పేరు మర్చిపోయింది. ఆ పాట మాత్రం మర్చిపోలేదు. నేను సంకటి కలిపి కూర్చుంటే, పళ్ళెం మీద దరువేస్తూ "మూత తియ్యవే ఎజోరా" అని ఎంత హాయిగా పాడేదో. ఎజోరా ఎవరమ్మా అంటే, "ఎవరో పిసినారిదిలే" అనేది.

పాడి నా వంక చూసేది. నేను "లాగు, లాగు" అంటేనే నోరు తెరిచేది. లేకపోతే ముద్ద దిగేది కాదు. ఏం చెయ్యమంటావు? అన్నాను. పూటపూటా అన్నాను.

సరే, పో. పాడు. పేరు మార్చకు, మారిస్తే ఈ జనం లాగరు. ఆవిడ పళ్ళెం ఆవిడకి ఇంట్లో ముందే పెట్టి వచ్చాను, మీ అందరికంటే ముందు.

ఊఁ, జరుగు. ఆ తాడు నాకూ కాస్త ఇయ్యి. "లాగు, లాగు" అనటం నాకు అలవాటే.