అటు తిరిగి కూర్చున్న మనిషి

అది కాదక్కా, మొహమే లేని బొమ్మ వల్ల మీ పరువు ఎలా పోతుందో కాస్త నాకు అర్థమయ్యేలా చెప్పండి. ఉన్నదల్లా మీ చెల్లెలి వీపు, ఒక జడ, ఒక కుర్చీ. దారినపోయేవాళ్ళెవరైనా గుర్తుపడతారా?

ఆఁ, మీరు గుర్తుపట్టారు. నిజమే. చిన్నప్పుడు ఆ జడ వేసింది మీరే కదా. ఎడమ భుజం కాస్త దించి కూర్చుంటుందని నాకు కాకుండా తెలిసింది మీకొక్కరికే.

కూర్చోండి. ఆ స్టూలు మీద రంగు ఎప్పుడో ఆరిపోయింది, చీరకేం అంటదు.

ఆ బొమ్మ ఉన్న మా పుస్తకం సంగతి మీకెవరూ సరిగ్గా చెప్పినట్టు లేరు. ఆడదాన్ని ప్రేమించిన ఆడవాళ్ళు, మగవాణ్ణి ప్రేమించిన మగవాళ్ళు, ఆ రెండు మాటల్లోనూ ఇమడనివాళ్ళు, అందరూ ఈ గదికే వచ్చి కూర్చుంటారు. నేను బొమ్మ వేస్తాను. అచ్చాఫీసుల వాళ్ళు మొహం చిట్లిస్తే మేమే అచ్చేసుకుని, మేమే దారంతో కుట్టుకుంటాం. మాకొక పద్ధతుంది. ఇంట్లో తెలిస్తే కొంప మునుగుతుందనుకున్నవాళ్ళు గోడవైపు తిరిగి కూర్చోవచ్చు. ఎందుకని ఎవరూ అడగరు.

మీ చెల్లెలు ప్రతి పుస్తకానికీ గోడవైపే తిరిగింది. ఒకే కంచం, ఒకే మంచం అన్నట్టు బతికాం, అయినా సరే. "అక్కకి చెప్పుకున్నాక ఇటు తిరుగుతాలే, తొందరపెట్టకు" అనేది. నేను తొందరపెట్టలేదు. జబ్బు తొందరపెట్టింది.

ఆస్పత్రిలో మీరు నా గురించి డాక్టరుకి ఏమని చెప్పారో గుర్తుందా? "గదిలో కలిసి ఉంటుంది" అని. అబద్ధమేం కాదులెండి. చివరి రోజు దగ్గరివాళ్ళే లోపల ఉండాలంటే నేను వరండాలో బల్ల మీద కూర్చున్నాను. మీ తప్పని అనడం లేదు. మీకు మా సంగతి తెలియదు కదా.

తెలుసా?

ఎప్పట్నుంచి? పోనీలెండి, చెప్పకండి. ఆ తెలుసన్న మాట తనకి ఒక్కసారి చెప్పి ఉంటే ఇటు తిరిగేది కదక్కా.

సరే, ఆ పేజీ తీసెయ్యాలి, అంతేగా? ఇలా ఇవ్వండి. చూడండి, కాగితాన్ని మధ్యకి మడిచి మడత మీద కుడతాం. ఇటు సగం కోస్తే అటు సగం పట్టు తప్పి రాలిపోతుంది. అటు సగం మీద ఎవరున్నారో చూశారా? నేనే. ఇద్దర్నీ ఒకే కాగితం మీద వెయ్యమని తనే పట్టుబట్టింది. ఒకర్ని తీస్తే ఇద్దరం పోతాం. పోతే పోయాం, నేనొక్కదాన్నీ ఆ పుస్తకంలో ఉండి ఎవర్ని చూడాలి?

తీసేస్తాను. ప్రతి కాపీలోంచీ. మాటిస్తున్నాను.

ఒక్కటే అడుగుతాను. ఫోన్లో తన ఫోటోలున్నాయి, లేవని కాదు. తన మొహం వేద్దామని కూర్చుంటే చెయ్యి నా మాట వినడం లేదు. ఎన్నిసార్లు మొదలుపెట్టినా జడ దగ్గరికే పోతోంది. మీది అచ్చం తన ముక్కే, తన గడ్డమే. అందుకే ఇందాకటి నుంచి మీ వంక చూడలేక ఈ బల్లతో మాట్లాడుతున్నాను. ఆ కిటికీ దగ్గర కాసేపు ఇటు తిరిగి కూర్చోండక్కా. తను కూర్చుంటానన్నట్టు.

వద్దా? అప్పుడే లేచారేం?

సరే, వెళ్ళండి. తలుపు దగ్గర మాత్రం ఒక్క క్షణం ఆగండి. మీకూ ఎడమ భుజమే కాస్త దిగుతుంది. అటే తిరిగి ఉండండి, ఫర్వాలేదు. వీపు వెయ్యడం నాకు అలవాటే.