తువ్వాల కింది జవాబు

"పెద్దబాపూ, మల్లేశం బావ టీవీల పెద్దపెద్దోళ్లను గూసోవెట్టి ముచ్చట వెడ్తడు గదా. మొదటి దినం నువ్వు ఆడనే ఉన్నవంట. ఎట్లుండె?"

ఉన్న బిడ్డా, ముందు వరుసలనే ఉన్న. మీ లచ్చత్త నా పక్కన. కొడుకు స్టేజీ మీద గూసుంటే ఈమె చేతులకు చెమటలు. లోపలేమో ఏసీ, నాకు పండ్లు గజగజ. అసలు ఆడిదాంక ఎట్ల వోయినమంటే... ఆగు, మొదలుసంది జెప్త.

మల్లేశం మా లచ్చక్క కొడుకు, నీకెర్కనే. వాళ్లది గొర్లు కాశే ఇల్లు, మనదీ అంతే. చిన్నప్పటిసంది వానికి మందిలెక్క మాట్లాడుడు అలవాటు. వాళ్ల బాపు, అంటే మా బావ, దగ్గినట్టే దగ్గుతడు, చిల్లర లేదన్న కండక్టర్ లెక్క మొకం వెడ్తడు. బావ కట్టె వట్టుకొని ఉరికిచ్చేటోడు, మళ్ల ఇంటెనుకకు వోయి తనే నవ్వుకునేటోడు. చదువైనంక చౌటుప్పల్ల మందుల కంపెనీల నౌకరి దొరికింది. అప్పుడు ఆడ చాయ్ ఐదు రూపాలు, ఇప్పుడు పదిహేను, అదీ గింతంత కప్పుల. ఏం జెప్తున్న? ఆఁ, నౌకరి. తెలంగాణ వచ్చిన కొత్తల గదా, మన మాటకు గిరాకి వచ్చింది. ఫోన్ల వీడియోలు జేశిండు, పెండ్లిళ్ల స్టేజీలెక్కిండు, ఆఖరికి టీవీల కామెడీకి పిలిచిన్రు. తాగినోని ఏశం, వాచ్‌మన్ ఏశం. మంది పడిపడి నవ్విన్రు. ఈడేమో కంపెనీ నౌకరి ఇడిశిపెట్టిండు. ఇగ మా బావ కొడుకుతోని మాటలు బంద్. నెల గాదు, రెండు నెలలు గాదు, ఏడాది దాటింది.

గప్పుడే ఈ ముచ్చట్ల షో వచ్చింది. మొదటిది మంచిగ రాకుంటే కుర్సీ ఇంకొకనికిస్తమన్నరు. ఇటు నౌకరి లేకపాయె, అటు తండ్రి మాట్లాడకపాయె. దీనికితోడు ఛానలోళ్లు, "నవ్వించేటప్పుడు నీ యాస బాగుంటది గాని, పెద్దోళ్లతోని పద్ధతిగ మాట్లాడాలె" అని కాగితం మీద రాసిచ్చిన్రు.

వచ్చినామె పాత సిన్మాల హీరోయిన్. పేరెందుకు తియ్, నీకు తెల్వదు. మనోడు కాగితం జూసుకుంట, "మీ నట జీవితాన్ని మా ప్రేక్షకులతో పంచుకుంటారా?" అన్నడు. గది మా మల్లేశం గొంతేనా అనిపిచ్చింది.

"ఏముంది బాబూ, అంతా దేవుడి దయ."

"మీకు బాగా నచ్చిన పాత్ర?"

"అన్నీ నచ్చాయి."

గంతే. మా ముంగట ఒకాయన చెయ్యి లేపి నవ్వమంటడు. "నవ్వొస్తే గద సారూ నవ్వేది" అన్న నేను. మీ అత్త నా తొడ గిల్లింది. మల్లేశం మొకానికి రాసిన పౌడరంత చెమటకు కారవట్టె. ఇగ అయిపాయె అనుకున్న.

సూస్తే, కాగితం మడతవెట్టి లేశిండు. మెట్లు దిగి సీద నా దగ్గరికొచ్చి, "మామా, జర నీ తువ్వాల ఇయ్యి" అని భుజం మీదిది గుంజుకపోయిండు.

"అమ్మా, మా గొర్ల అంగట్ల బేరం నోటితోని చెయ్యరు. తువ్వాల కింద చేతులువెట్టి వేళ్లు ఒత్తి ధర జెప్పుకుంటరు. చుట్టు ఎంతమందున్నా ఎవ్వలకు తెల్వది. నేనొక్కటే అడుగుత. మొకమాటానికి ఒప్పుకొని, ఇదెందుకు జేస్తిని దేవుడా అనుకున్న సిన్మాలెన్ని? నోటితోని జెప్పకుండ్రి. చెయ్యి వెట్టుండ్రి."

ఆమె వాని దిక్కు చూసింది. చూసి, గాజులు మీదికి నూకి, చెయ్యి వెట్టింది బిడ్డా!

"ఒకటా?" అన్నడు ఈడు.

"ఆగవయ్యా," అని మళ్ల ఒత్తింది. మళ్ల ఒత్తింది. ఈడు కండ్లు గుడ్లంత జేశి, "ఓ యమ్మో! ఇగ చాలు తల్లీ, నా వేళ్లు అయిపోయినయ్!" అన్నడు.

ఇగ సూడు నవ్వులు! చెయ్యి లేపెటాయన చెయ్యి మర్శి ఆయనే కిందవడి నవ్వవట్టె. ఆమె నా తువ్వాలతోనే కండ్లు తుడుసుకొని, ముచ్చట మొదలువెట్టింది. ఒక హీరో పాటంతసేపు బూటుకాలుతోని ఆమె కాలు తొక్కుకుంట ఎగిరిండంట, ఈమేమో సిగ్గువడుకుంట నవ్వాలె! ఇగ ఆపుతే ఆగలేదు. ఆ దినంసంది కుర్సీ మనోనిదే, రాసిచ్చుడు బంద్.

షో వచ్చిన తెల్లారి మా బావ కొడుకుకు ఫోన్ జేశిండు. మెచ్చుకున్నడనుకున్నవా? "నీయవ్వ, తువ్వాల కింద చెయ్యివెట్టినంక ఒకటా అని పైకంటర్రా? నిన్ను అంగట్ల ఎవడన్న రానిస్తడా?" అని తిట్టిండు. అద్దగంట తిట్టిండంట. మల్లేశం ఏడ్సుకుంట నాకు ఫోన్ జేశి, "మామా, బాపు మాట్లాడిండే" అన్నడు.

"అది సరే గాని, ఆమె ఎన్ని ఒత్తిందిరా?" అంటే మాత్రం చెప్పలే. "మళ్ల తిట్లు తినిపిస్తవా మామా" అన్నడు. మొన్న వచ్చినప్పుడు చేపల పులుసు వెట్టి అడిగిన, మొత్తం తిన్నడు గాని చెప్పలే.

సల్లగుండు బిడ్డా. నువ్వు సుత నీకు నచ్చిన పని వట్టుకో, నిన్ను తిట్టెటోళ్లు నిండ నూరేండ్లుండాలె. జర మీ అమ్మను గిన్ని చాయ్ నీళ్లు వొయ్యమను పో, గొంతెండిపాయె...