తలకిందులుగా కనిపించిన చర్చి

సోమవారం పొద్దున ఊరి ఈతకొలను పక్కన వేడినీళ్ల తొట్టిలో మెడదాకా మునిగి కూర్చుంది స్టేనున్. పక్కింటి హల్బ్యోర్న్‌కి ఒక్క మాట చెప్పాలని వచ్చిందావిడ, అదీ నలుగురి ముందే చెప్పాలని. నిన్న అతను కాఫీ అయినా తాగకుండా వెళ్లిపోయాడు. ఇవాళ ఎదురుగానే ఉన్నాడు గానీ నోరు ఖాళీ లేదు.

"నేను చేసింది పెద్ద పనేం కాదులే," అన్నాడు హల్బ్యోర్న్. అతను అలా మొదలుపెట్టాడంటే ఇక కోతలేనని ఊరందరికీ తెలుసు. "మంచుగాలికి కనుమ దారి మూసేశారా, మనవరాలి బాప్తిస్మానికి ఈవిడ తన కొడుకుండే ఊరికి వెళ్లలేకపోయింది. పేరు పిలవడం కంప్యూటర్లోనైనా చూద్దామని స్క్రీన్ ముందు లేసు గుడ్డ పరిచి, కేకు పెట్టి, మీటల మీద దుమ్ము తుడిచింది. ఆ తుడవడంలో ఏం నొక్కుకుపోయాయో, స్క్రీన్ మీద చర్చి మొత్తం తలకిందులు. పక్కింటివాణ్ని కదా, నన్ను పిలిచింది. చిటికెన వేలితో ఒకే ఒక్క మీట నొక్కాను."

"ఒక్కటేనా?" అన్నాడు కారి. చేపల పడవ పని మానేశాక హల్బ్యోర్న్ కోతలకి పక్కవాద్యం అతనే.

"ఒక్కటే. స్క్రీన్ సగం తిరిగి అడ్డంగా ఆగింది. పాస్టరు పడుకుని ప్రార్థన చదువుతున్నాడు. ఇంకోసారి నొక్కాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇక ఆగనంటుంది. గిర్రున తిరుగుతుంటే ఆ గాలికి కర్టెన్లు లేచాయి, కేకు మీద క్రీము వచ్చి నా మీసాలకి అంటుకుంది."

"కేకు తిన్నావన్నమాట."

"ముందు వినరా. పట్టుకుని ఆపితే బిగుసుకుపోయింది. సరే, ఇది తిరగకపోతే అదే తిరగాలి కదా అని అవతల చర్చినే తిప్పేశాను. జనమంతా బెంచీలు కరుచుకున్నారు. టోపీలు పైకప్పుకి అంటుకున్నాయి. బాప్తిస్మం నీళ్లు మాత్రం చుక్క ఒలకనిస్తే ఒట్టు. చర్చితోపాటు కొండ తిరిగింది, కొండతోపాటు గాలి తిరిగింది. నిన్న సాయంత్రం గాలి మళ్లిందా లేదా?"

"మళ్లింది," ఒప్పుకున్నాడు కారి.

"మరి దానంతటదే మళ్లిందనుకున్నావా?"

స్టేనున్‌కి నవ్వొచ్చింది. కానీ లోపల నిలకడ లేదు. వాళ్ల ఆచారం ప్రకారం, చర్చిలో పాస్టరు పలికేదాకా పసిబిడ్డ పేరు అమ్మానాన్నలు ఎవరికీ చెప్పరు. ఆ ఒక్క క్షణం కోసం ఆవిడ శరత్కాలం నుంచీ ఎదురుచూసింది. ఆ క్షణం తనకి దక్కించినవాడు, దక్కించిన తీరు తప్ప అన్నీ చెబుతున్నాడు. తను రెండుసార్లు నోరు తెరిస్తే రెండుసార్లూ గొంతు పెంచాడు.

"ఇదంతా చూసి ఆ అమ్మానాన్నలు బిడ్డకి నా పేరే పెట్టారు," అన్నాడు హల్బ్యోర్న్.

"ఆడపిల్లకా?"

"ఆడపిల్లకే. అంత కృతజ్ఞత వాళ్లకి."

"పెట్టింది నా పేరు, హల్బ్యోర్న్," అంది స్టేనున్.

ఆవిడ ఈసారి అతనికి సందు ఇవ్వలేదు.

"ఏ మీట నొక్కాలో నీకు తెలియలేదు. అవీ ఇవీ నొక్కి చెమటలు కక్కావు. అవతల పాట మొదలైపోయింది. అప్పుడు ఆ స్క్రీన్‌ని ఎత్తి, తలకిందులు చేసి, రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డావు. పాటలయ్యాయి, ప్రార్థనయింది, నీ చేతులు వణికాయి గానీ దింపలేదు. స్క్రీన్‌తోపాటు దాని మీది కెమెరా కూడా తిరిగిందేమో, అటువాళ్లకి నేనే తలకిందులుగా కనిపించానట, పిల్లలు ఒకటే నవ్వట. నవ్వనీ. నాకు పాప మొహం సరిగ్గా కనిపించింది. పాస్టరు స్టేనున్ అని పిలిచినప్పుడు ఎంత పెద్దగా ఆవులించిందో. నువ్వది చూడలేదు, నాయనా. స్క్రీన్ వెనకాల ఉన్నావు."

హల్బ్యోర్న్ నీళ్లలోకి చూస్తున్నాడు. "చేతకాక పట్టుకున్నాను. అందులో చెప్పుకోడానికి ఏముంది?"

"నాకుంది. ఊళ్లో ఇంటింటికీ చెబుతాను. నీ మేలు నేను మరిచిపోను."

కారి అడిగాడు, "ఈవిడింట్లో ఉన్నది ఆ పాతకాలం పెద్ద స్క్రీనే కదా. బరువు లేదూ?"

"ఏమంత బరువు కాదులే," అన్నాడు హల్బ్యోర్న్.

అతను ఒక సంగతిని తగ్గించి చెప్పడం కారి ఎన్నడూ వినలేదు. స్టేనున్ నీళ్లలో పక్కకి జరిగి, హల్బ్యోర్న్ భుజం మీద చెయ్యి వేసింది.

"అబ్బా," అన్నాడతను. "కాస్త మెల్లగా."